మైకు గదిలో ఆ వేసవి

ఎండలు ఇంకా ముదరకముందే నా గొంతుని ముక్కలుగా కోసి యంత్రంలో పెట్టేశారు.

కోసిన మనిషిని రైల్వే స్టేషన్లో అందరం కత్తెర అనేవాళ్లం. పెద్దాఫీసు నుంచి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉండేవాడు. మైకు గది తలుపుకి దుప్పట్లు కట్టించి, ఫ్యాను ఆపించి, చెమటలు కక్కుతున్న నా చేత అంకెలన్నీ చెప్పించాడు. ప్రతి అంకెనీ రెండు రకాలుగా చెప్పాలి. వాక్యం మధ్యలో వచ్చినట్టు ఒకసారి, చివర్లో వచ్చినట్టు ఇంకోసారి. ఆ తర్వాత బండ్ల పేర్లు, ఊళ్ల పేర్లు, ప్లాట్‌ఫారాలు, చివరికి 'చింతిస్తున్నాము'లు.

"మేడమ్, 'ఆలస్యంగా' అన్నప్పుడు కాస్త బాధ తగ్గించండి," అన్నాడు.

"బండి ఆలస్యమైతే బాధగా ఉండదా?"

"ఉంటుంది. కానీ రోజంతా అదే బాధ వింటే జనానికి వెటకారంలా ఉంటుంది."

నవ్వాను. బాధ తగ్గించే చెప్పాను. పని ముగించుకుని వెళ్లేటప్పుడు అతను యంత్రం మీద చెయ్యేసి, "ఇక మీరు హాయిగా కూర్చోండి మేడమ్. అన్నీ ఇదే చూసుకుంటుంది," అన్నాడు. పాపం, శుభవార్త చెబుతున్నట్టే చెప్పాడు. నేనూ అలాగే విన్నాను.

మొదటి వారం నిజంగా హాయిగానే ఉంది. బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కంట్రోలు గదిలో మీట నొక్కితే చాలు, నా గొంతు దానంతటదే పలికేది. తడబాటు లేదు, దగ్గు లేదు. నేను పొరపాటున కూడా అంత బాగా చెప్పి ఉండను. యంత్రం చెడిపోతే మైకు అందుకోవాలి. అదొక్కటే నాకు మిగిలిన పని. యంత్రం చెడిపోలేదు.

మాది అద్దాల గది. రెండో ప్లాట్‌ఫారం మీద నిలబడితే లోపల కూర్చున్న నేను నడుము దాకా కనిపిస్తాను. కాబట్టి కునుకు తీయడానికి లేదు, పత్రిక తిరగెయ్యడానికి లేదు, అల్లికలు ముట్టుకోవడానికి లేదు. పగటిపూట పెద్ద అధికారులు తిరుగుతుంటారు. ఏ పనీ లేని మనిషి పనిలో ఉన్నట్టు కనపడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం అని ఊరికే అంటాం గానీ, గోళ్లు మాత్రం ఎన్ని ఉంటాయి? మైకు తుడిచేదాన్ని. తుడిచిన మైకునే మళ్లీ తుడిచేదాన్ని. చివరికి నా గొంతు పలికినప్పుడల్లా దానికి సరిగ్గా పెదవులు కదపడం నేర్చుకున్నాను. ఒకనాడు ఎవరో పెద్దాయన బండెక్కబోతూ ఆగి, అద్దంలోంచి నాకు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు, ఇంత స్పష్టంగా చెప్పినందుకు. నేను తల ఊపి అందుకున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా అద్దం వైపు తిరగలేకపోయాను.

రాత్రి డ్యూటీ మనిషి యంత్రాన్ని నమ్మేవాడు కాదు. పదవీ విరమణకి దగ్గర పడ్డ మొండిమనిషి, మేం పెట్టుకున్న పేరు బండగొంతు. వస్తూనే యంత్రం ఆపేసి బళ్లన్నీ తనే చదివేవాడు. నా సెలవు ఆదివారం. ఆ రోజు అధికారులు రారు కాబట్టి పగలంతా కూడా అతనే వచ్చి చదివేవాడు. నేనూ అలాగే చదువుతానని స్టేషన్ మాస్టరుని అడిగాను.

"వద్దమ్మా. రాత్రిపూట అతన్ని అడిగేవాళ్లు లేరు. పగలు ఎవరైనా చూస్తే, ఇంత ఖర్చు పెట్టి తెచ్చింది ఎందుకాపారని నా మెడ పట్టుకుంటారు."

"పోనీ వేరే ఏదైనా పని చెప్పండి సార్."

"ఉన్న పని చేస్తున్నారుగా."

"ఏం చేస్తున్నాను సార్?"

ఆయన మంచి మనిషే, వెటకారం తెలీని మనిషి. "ఉన్నారు," అన్నారు. "మీరక్కడ ఉండటమే పని. మీ వయసులో నాకిలాంటి ఉద్యోగం దొరికుంటేనా!"

ఇంట్లో మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలీదు.

మా ఇల్లు గూడ్సు యార్డు వెనకాలే. గాలి ఇటు తిరిగితే స్టేషన్లో చెప్పే ప్రతి మాటా మా కిటికీలోంచి వినిపించేది. మా అత్తయ్యకి కళ్లకి పొరలొచ్చి చూపు మసకబారింది. పగలంతా ఆ కిటికీ పక్కనే కూర్చుని, బట్టలు మడతపెడుతూనో పప్పులో రాళ్లేరుతూనో, నన్ను వినేది. పక్కింటివాళ్లు పలకరించడానికొస్తే, "ఉండండి, మా కోడలు మాట్లాడుతోంది," అని చెయ్యెత్తి ఆపేదట.

సాయంత్రం నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి గ్లాసులో గోరువెచ్చటి ఉప్పునీళ్లు సిద్ధంగా ఉండేవి. పుక్కిలించాక నాతో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు, నాకు జవాబు చెప్పే శ్రమ ఉండకూడదని. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. పగలంతా ఇంజను పక్కన ఉడికి వచ్చి కూడా, నాకేం కావాలో సైగలతోనే అడిగేవారు. రేడియో పెట్టేవాళ్లం కాదు. మా అమ్మాయికి పాటలంటే ప్రాణం. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. "సాయంత్రం పూట పాడకు, అమ్మ గొంతెత్తి నిన్ను పిలవాల్సి వస్తుంది," అని వాళ్ల నాన్న పెట్టిన నియమం. ఏళ్ల తరబడి మా ఇల్లు నా గొంతు చుట్టూ అలా అణిగి మణిగి ఉంది. నేను నిజంగా రోజంతా చదివే రోజుల్లో అది నాకు అవసరమే.

యంత్రం వచ్చిన మొదటి సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. ఆయన చొక్కా విప్పి వీపు నాకు తిప్పి కూర్చున్నారు. వీపంతా చెమటకాయలు. పొడి రాస్తుంటే, "ఈ ఎండలో నేను నోరు మూసుకుని స్టీరింగు తిప్పడానికే చస్తున్నాను. నువ్వెలా మాట్లాడుతున్నావో నీకే తెలియాలి," అన్నారు. అత్తయ్య గ్లాసు అందించింది. తేలు కుట్టిన దొంగలా అందుకుని, పెరట్లోకి వెళ్లి పుక్కిలించి వచ్చాను. ఆ రోజు చెప్పలేనిది మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది.

విచిత్రం ఏమిటంటే, పని లేకుండా కూర్చుని కూర్చుని నిజంగానే అలసిపోయేదాన్ని. ఇంటికొచ్చేసరికి ఒళ్లు బరువు, తల దిమ్ము, ఎవరినో ఒకరిని అనాలని నాలుక దురద. పక్క సరిగ్గా వేయలేదనీ, తువ్వాలు తడిగా ఉందనీ గొడవ. ఓసారి మా అమ్మాయి గ్లాసు జారవిడిచినందుకు చెడామడా తిట్టాను.

"రోజంతా అరిచొచ్చి ఇంకా అరిచే ఓపిక ఎలా ఉంటుందమ్మా నీకు?" అంది అది, గాజుముక్కలు ఏరుకుంటూ. ఎగతాళిగా కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

నడివేసవిలో ఒకరోజు మధ్యాహ్నానికి నాకు చలిజ్వరం వచ్చింది. గదిలో పళ్లు కొట్టుకుంటున్నాయి. స్టేషన్ మాస్టరు చూసి, "ఇంటికెళ్లిపోండమ్మా. యంత్రం ఉందిగా," అన్నారు. బండగొంతుకి కబురు చేస్తారేమోనని ఆగాను. చేయలేదు. కుర్చీ ఖాళీగా వదిలేసి తలుపు వేసుకుని వచ్చేశాను. నేను లేకపోయినా ఏమీ కాదన్న మాట ఆయన అంత తేలిగ్గా అన్నారు, జ్వరం కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది. దానివల్ల ఇంట్లో ఏమవుతుందో ఆ బాధలో తట్టనే లేదు.

అత్తయ్య నాకు దుప్పటి కప్పి, కిటికీ పక్కన తన చోట కూర్చుని బట్టలు మడతపెడుతోంది. అమ్మాయి నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. గాలి ఇటు తిరిగింది.

"ప్రయాణికులకు గమనిక. ఉత్తరం వైపు వెళ్లే పాసింజరు బండి..."

నా గొంతే. ఏ జ్వరమూ లేకుండా, గంట కొట్టినట్టు.

అత్తయ్య చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది. కిటికీ వైపు చెవి పెట్టింది. తర్వాత మెల్లగా మంచం వైపు తిరిగి, చెయ్యి చాచి, దుప్పటి మీదుగా నా కాలు తడిమి చూసింది. నేను అక్కడే ఉన్నాను.

"...ఆలస్యానికి చింతిస్తున్నాము."

"అమ్మా, నువ్విక్కడే ఉన్నావు కదా?" అంది అమ్మాయి.

"రికార్డు చేశారు," అన్నాను. "అన్నీ."

"ఎప్పుడు?"

"ఎండాకాలం మొదట్లో."

అత్తయ్య చొక్కా మడత పూర్తి చేసింది. మడిచిన దాన్ని మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. గోడవైపు తిరిగి దుప్పటి తల మీదికి లాక్కున్నాను. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఆయన రాగానే అమ్మాయే చెప్పింది. ఆయన బూట్లు విప్పుతూ విన్నారు.

"అయితే నువ్వక్కడ ఏం చేస్తావు?"

"కూర్చుంటాను."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయన పెద్దగా నవ్వారు. "ఎంత అదృష్టమే! మరి చెప్పవేం? నేనైతే ఊరంతా చాటింపు వేయించేవాణ్ణి!" అన్నారు. నవ్వుతూనే తన పాదాల వైపు చూసుకున్నారు. పొద్దుటి నుంచి బ్రేకు మీద ఉన్న పాదాలు, బూట్ల అంచు దిగి ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది. లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు నీళ్లు పోసుకున్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో చప్పుడు మొదలైంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ రేడియో మోగింది. అమ్మాయి సాయంత్రాలు గొంతు విప్పి పాడింది. అంత బాగా పాడుతుందని నాకు తెలీదు. ఆయన ఆ గదిలోంచి ఈ గదిలోకి కేకేసి పిలవడం మొదలుపెట్టారు. ఉప్పునీళ్ల గ్లాసు లేదు. అడిగే ముఖం నాకూ లేదు. ఒక్క అత్తయ్య మాత్రం కిటికీ దగ్గర నుంచి తన కుర్చీ తీసి వంటింటి గుమ్మంలో వేసుకుంది. ఎందుకత్తయ్యా అంటే, "అక్కడ ఎండ పడుతోందమ్మా," అంది.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండేది. వేసవి చివర గాలివాన వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఆకాశం నల్లబడి, దుమ్ము లేచి, ఒక్క పెట్టున కురిసింది. ఎక్కడో పిడుగు పడింది. దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. యంత్రం మాత్రం మళ్లీ వెలగలేదు. స్టేషన్ మాస్టరు తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, మైకు! దక్షిణం ఎక్స్‌ప్రెస్ ఒకటో నంబరు మీదికి మార్చాం. చెప్పండి, త్వరగా!"

ఇన్నాళ్లూ నన్ను కూర్చోబెట్టింది ఆ ఒక్క నిమిషం కోసమే. మీట నొక్కాను. మైకులో ఎర్రదీపం వెలిగింది. నోరు తెరిచాను. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. వాటికి నేను నేర్పిన విద్య అదే కదా. దగ్గి, మళ్లీ నోరు తెరిచి, బండి పేరు చెప్పాను. తర్వాత ఆ బండి ఎప్పుడూ వచ్చే ప్లాట్‌ఫారమే అలవాటుగా నోట్లోకి వచ్చేసింది.

"...మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి..."

రెండుసార్లు చెప్పాను.

అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. బండి ఎక్కడికొస్తుందో చెబితే వెళ్దామని ఒకటో నంబరు మీదే ఆగి ఉన్న జనమంతా సామాన్లెత్తుకుని మెట్ల వంతెన వైపు కదిలారు. వానలో, పిల్లల్ని చంకనేసుకుని, మూటలు తలకెత్తుకుని. స్టేషన్ మాస్టరు మళ్లీ వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కుని తనే సరిగ్గా చెప్పారు. జనం వంతెన మీద ఆగి, వెనక్కి తిరిగి, ఒకరినొకరు తోసుకుంటూ దిగడం మొదలుపెట్టారు. బండి ఒకటో నంబరు మీదికి వచ్చి, ఆగే కాసేపే ఆగి, వెళ్లిపోయింది. చాలామంది ఎలాగో ఎక్కగలిగారు. ఒకావిడ ఎక్కలేకపోయింది.

ఆవిడ నా గది అద్దం మీద అరచేత్తో కొట్టింది. ముప్పై దాటిన మనిషి. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో రేకు పెట్టె.

"రేపు పొద్దున మిల్లులో చేరాలి నేను," అంది. "చేరకపోతే వేరే వాళ్లని పెట్టుకుంటామన్నారు. మళ్లీ బండి రేపు సాయంత్రమే కదా?"

"అవును."

"మీరు చేసే పని ఇదొక్కటే కదమ్మా?"

అరిచి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ అరవలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. అవును, ఇదొక్కటే.

"నాతో రండి," అన్నాను. "మా ఆయన బస్సు డ్రైవరు. తెల్లవారగట్ల ఏదో ఒక దారి చూస్తారు."

నమ్మలేదు. కానీ వేరే దారి లేక వచ్చింది. వానలో యార్డు దాటుతున్నంతసేపూ పెట్టె నన్ను మొయ్యనివ్వలేదు.

ఇంట్లో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరని అడిగితే, "నేను తప్పు చెప్పడం వల్ల ఈవిడకి బండి తప్పిపోయింది," అన్నాను. ఆ వాక్యం మాత్రం ఎక్కడా తడబడకుండా వచ్చింది. మా ఆయన నా ముఖంలోకి చూడలేదు. గొడుగు తీసుకుని, దూరం వెళ్లే బస్సుల్లో తనకి తెలిసినవాళ్లని అడగడానికి వెళ్లారు. అమ్మాయి పొడిబట్టలిచ్చింది. అత్తయ్య ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని వడ్డించింది.

ఆవిడ ఆకలిగా తింది. సగంలో తలెత్తి, "రోజూ ఇలాగే తడబడతారా?" అంది నాతో.

"లేదు. రోజూ యంత్రం చెబుతుంది."

"మరి మీరు?"

"కూర్చుంటాను."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "జీతం ఇస్తారా?"

"ఇస్తారు."

"పూర్తిగా?"

"ఊ."

ఆవిడ మా అత్తయ్య వైపు తిరిగి, "పెట్టి పుట్టాలి పెద్దమ్మా," అంది. "పాత చోట నిలబడి నిలబడి నాకు కాళ్లలో నరాలు పాములైపోయాయి. కొత్త మిల్లులో స్టూళ్లు ఇస్తారని విని వెళ్తున్నాను. కూర్చుని చేసే పని ఒక్కటి దొరికితే చాలు."

అత్తయ్య ఏదో ఒకటి అంటుందనుకున్నాను. నన్ను కాస్తుందనో, దులిపేస్తుందనో. "ఇంకొంచెం వేసుకో తల్లీ," అని మాత్రం అంది. కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ కాళ్లు చూసి ఆ మాట మింగేశాను. నా బాధ నిజమే. దాన్ని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో నాకు చోటు లేదు. అదే సిగ్గుగా ఉంది.

తెల్లవారుజామున ఆయన స్నేహితుడి బస్సు మా సందు చివరికే వచ్చి ఆగింది. ఆవిడ ఎక్కుతూ మా ఆయనకి దండం పెట్టింది. నా వైపు చూసి, "వస్తాను," అంది. మధ్యాహ్నం ఆ డ్రైవరు తిరిగొచ్చి, మిల్లు గేటు మూయకముందే దింపానని చెప్పాడు.

బస్సు వెళ్లాక సందులో మేమిద్దరమే మిగిలాం. బురదలో నడుస్తూ ఆయన అన్నారు, "కొత్త డ్రైవర్లకి ఒక మాట చెబుతాం. బండి నెల రోజులు షెడ్డులో పెడితే బ్రేకుల్ని నమ్మకండి అని." ఆగి, "నీకూ చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను," అన్నారు.

ఆ పొద్దునే స్టేషన్ మాస్టరు గదికి వెళ్లాను. గాలివాన సంగతి ఆయన ఎత్తలేదు. యంత్రం అప్పటికే బాగైపోయింది.

"విచారణ కిటికీకి మార్చండి సార్," అన్నాను.

"ఆ కిటికీకా? అక్కడ రోజంతా నిలబడాలి. జనం నోటికొచ్చినట్టు తిడతారు. ఉన్నవాళ్లే పారిపోవాలని చూస్తున్నారు."

"తిట్టనివ్వండి."

"మీకిక్కడ ఏం తక్కువైందమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు ఎండాకాలమంతా వెతికాను. "ఏం తక్కువ కాలేదు సార్," అన్నాను. ఆయన నిట్టూర్చి, సంతకం పెట్టారు.

మొదటి రోజు కిటికీ తెరవగానే పది చేతులు లోపలికి వచ్చాయి. రెండు గంటలు తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. తప్పులు చెప్పాను, దిద్దుకున్నాను, తిట్లు తిన్నాను. మధ్యాహ్నం ఒక ముసలాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉత్తరం బండి ఎక్కడికొస్తుందని అడిగాడు.

"ఒకటో నంబరు మీదికి, బాబాయిగారూ. ఈ మెట్లు ఎక్కనక్కర్లేదు, ఇలా పక్కనుంచి..."

సరిగ్గా అప్పుడే నెత్తి మీది స్పీకరులోంచి నా గొంతు మొదలైంది. ప్రయాణికులకు గమనిక.

ముసలాయన నా వైపు చెయ్యెత్తాడు. "ఉండమ్మా, కాసేపు ఆగు," అన్నాడు. "ఆవిడేదో చెబుతోంది, విననీ."

నోరు మూసుకుని నిలబడ్డాను.